నాలుగు మళ్ళు, ఒక బావి

మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. రావలసింది రెండింటికి. ఆ గంటా ఐదు నిమిషాలూ నేనూ మా అక్కా తిరగని ఫ్యాను కింద, వెలగని కంప్యూటర్ ముందు కూర్చుని, దాని తెర మీద ఎన్ని బొమ్మలు ఉన్నాయనే విషయం మీద పోట్లాడుకున్నాం. తెర వెలిగాక లెక్కపెట్టాను. నూట నలభై మూడు. అక్క వంద లోపే అని వాదించింది.

"వందైతే ఏమి, నూటనలభై అయితే ఏమి? నీ నెత్తిన పెట్టినానామ్మే?" అన్నది.

నెత్తిన పెట్టలేదు. కానీ ఆ తెర నాది కూడా. అనంతపురంలో కలెక్టరాఫీసుకు పోయే దారిలో మాకు ఒక చిన్న అద్దె గది ఉండేది. అర్జీలు, పెండ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు టైపు చేసి ఇస్తామని బయట బోర్డు. అక్క టైపు మిషను మీద చెయ్యి తిరిగిన మనిషి. భర్త పోయాక ఆ మిషనే ఆమెను నిలబెట్టింది. నేను పెళ్ళి చేసుకోలేదు. లైబ్రరీ పుస్తకాలు చదివేదాన్ని. దాన్ని ఒక పనిగా మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. టైపు మిషన్ల కాలం అయిపోయాక ఇద్దరం కలిసి కంప్యూటర్ కొన్నాం. ఇద్దరికీ ఒక ఇల్లు, ఒక గది, ఒక కంప్యూటర్. గొడవలన్నీ మూడోదాని దగ్గరే వచ్చేవి.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. వరసగా వానలు లేని ఏళ్ళు. పంట లేకపోతే అర్జీలు పండుతాయి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కాబట్టి సోమవారం పొద్దున మా గది ముందు జనం మెట్ల మీద కూర్చునేవాళ్ళు. అక్క ఒక్కొక్కరి మాట విని, టైపు చేసి, అచ్చు తీసి ఇచ్చేది. అచ్చు తీసిన ప్రతి అర్జీకీ తెర మీద ఒక చిన్న కాగితం బొమ్మ మిగిలేది, దాని కింద ఒక పేరు. ఆ పేర్లు మనుషుల పేర్లు కావు. మా వైపు ఊరికి పదిమందికి ఒకే పేరు ఉంటుంది. అందుకని అక్క తనకు గుర్తున్నట్టు పెట్టుకునేది: నల్లగొడుగు, మూడుబోర్లు, పామిడి కుట్టుమిషను, చెవిటాయన, చెవిటాయన తమ్ముడు. 

తెర వెనక ఒక జలపాతం ఫోటో ఉండేది, కంప్యూటర్ అమ్మినవాళ్ళు పెట్టి ఇచ్చింది. కొన్న మొదటి నెలలో వచ్చినవాళ్ళందరూ అది ఏ ఊర్లో ఉండాది అని అడిగేవాళ్ళు. తర్వాత బొమ్మలు పెరిగి నీళ్ళు కనిపించకుండా పోయాయి. అడిగేవాళ్ళు కూడా పోయారు.

నేను ఒకసారి ఈ బొమ్మలన్నిటినీ ఊరి వారీగా ఫోల్డర్లలో సర్దాను. తెర శుభ్రంగా ఉండింది, రెండు రోజులు. మూడో రోజు గార్లదిన్నె వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి. మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోయినవాడు. అక్క లెక్కలో మూడుబోర్లు అంటే ఆయనే. వచ్చి తెరకేసి వంగి చూశాడు.

"యాడమ్మా నా కాగితం?"

"లోపల పెట్టినా మామా, అంతా సర్ది," అన్నాను నేను గర్వంగా.

"లోపలనా? అయితే పాయ."

"పోదు మామా. భద్రంగా ఉంటాది."

"ఆపీసులో గూడా అట్లనే చెప్పినారు. భద్రంగా బీరువాలో పెట్టినాం పో అన్నారు. నాలుగేండ్లాయ. ఆ బీరువా తలుపు తీసే మొగోడు ఇంగా పుట్టల్యా."

అక్క నన్ను జరగమని, ఆయన కాగితాన్ని ఫోల్డరులోంచి లాగి తెర మధ్యలో పెట్టింది. "ఇదో మామా, పైననే ఉండాది. చూసుకో." ఆయన వేలితో తెర మీద ఆ బొమ్మను తాకి, సరే అన్నట్టు తల ఊపి పోయాడు. సాయంత్రానికి అందరి బొమ్మలూ మళ్ళీ పైకి వచ్చాయి. తెర గాజు మీద వేలిముద్రలు కూడా.

"వాళ్ళకు తెలీదు సరే, నీకు తెలుసు గదా. లోపల ఉన్నా పైన ఉన్నా ఒకటే," అన్నాను.

"నాకు తెలుసు. వాళ్ళు చూసిన బీరువాలు నువ్వు చూల్యా," అన్నది అక్క.

అందుకే ఆ రోజు మూడూ ఐదుకు కరెంటు రాగానే నేను మధ్యేమార్గం ఒకటి మొదలుపెట్టాను. ఆ నెల కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఒక తెరను నాలుగు తెరలుగా చేస్తుంది. గాజు ఒకటే. కీబోర్డు మీద కిటికీ గుర్తున్న మీటతో పాటు ఒకటి నొక్కితే మొదటి తెర వస్తుంది, రెండు నొక్కితే రెండోది. మొదటి తెరలో తెరిచి పెట్టుకున్న కాగితాలు రెండో తెరలో కనిపించవు. ఎక్కడివి అక్కడ అట్లాగే ఉంటాయి.

"ఒకటోది నీకు. నీ అర్జీలు దాంట్లో. రెండోది నాకు. పెండ్లి పత్రికలు, ప్రాజెక్టులు. మూడోది అచ్చుకు పోయేవి," అని చూపించాను.

"నాలుగోది?"

"ఎవరికీ కాదు. ఖాళీ."

"బీడు పెడితివా? ఉండే భూమి సాగు చేసుకుంటానికే దిక్కు ల్యా, మనకు బీడొకటి."

అప్పటి నుంచి వాటిని మా ఇంట్లో మళ్ళు అనే అన్నాం. ఒకటో మడి, రెండో మడి. మా నాయన చేతిలో ఉన్నది మెట్ట చేను, అదీ ఎప్పుడో పోయింది. నీళ్ళు పారే మడి మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేదు. కంప్యూటర్లో నాలుగు దొరికాయి. బీడు పెట్టిన నాలుగో మడి వారం తిరక్కముందే ఆక్రమణకు గురైంది. అక్క అందులో పేకాట తెరిచింది.

ఒక లోపం మాత్రం నేను ముందుగా చూసుకోలేదు. తెరిచిన కాగితాలు విడిపోయాయి గానీ, ఆ నూట నలభై మూడు బొమ్మలు విడిపోలేదు. ఒకటో మడిలో ఉన్నవే రెండులోనూ కనిపించాయి, మూడులోనూ నాలుగులోనూ. మళ్ళు నాలుగైనా అడుగున నేల ఒకటే. చెత్తను నేను నాలుగు రెట్లు చేశాను. సీడీలోని సూచనలు మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివాను. అది అంతేనట.

నేను తల పట్టుకుని కూర్చున్న పూట మూడుబోర్ల మామ మళ్ళీ వచ్చాడు. ఈసారి అన్నదమ్ముల పంపకం కాగితం రాయించడానికి. అక్క ఆయనకు తెర మార్చి మార్చి చూపించింది, కొత్త సంసారం చూపించినట్టు.

"ఏమప్పా, మీరిద్దరూ భాగాలు పంచుకున్నారా?" అన్నాడాయన.

"పంచుకున్నాం మామా. అయితే ఈ బొమ్మలు మాత్రం అందరి భాగంలోనూ వస్తాండాయి. అదే మా చెల్లెలికి ఏడుపు."

ఆయన కొంచెంసేపు చూసి, నా వైపు తిరిగి, తెలివి తక్కువ పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "భూమి పంచుకుంటే గట్లు పడతాయి. బావికి గట్టు పడతాదా? బావి ఉమ్మడి. నువ్వు నీ వంతుకు తోడుకో, ఆయమ్మ ఆయమ్మ వంతుకు తోడుకుంటాది. మేము గూడా అట్లనే రాసుకుంటాండాం."

"మీ బావిలో నీల్లుండాయా మామా?" అని అడిగింది అక్క.

"యాడివి? అయినా రాసుకోవాల గదా."

నేను ఆ తర్వాత బొమ్మల గురించి పోట్లాడలేదు. 

నా రెండో మడి ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. దానికి కారణం నా క్రమశిక్షణ అని కొన్నాళ్ళు అనుకున్నాను. అసలు కారణం నా దగ్గర పని తక్కువ. పెండ్లి పత్రికలు కరువులో తగ్గుతాయి. అక్క మడి ఎప్పుడూ నిండుగా ఉండేది, ఎందుకంటే ఆమె ఏదీ మూసేది కాదు. అర్జీ టైపు చేశాక దాన్ని సేవ్ కూడా చేసేది కాదు. ముందు రాయించినవాళ్ళను కూర్చోబెట్టి, పూర్తిగా చదివి వినిపించాలి. వాళ్ళు విని, ఇది మా మాటే అనాలి. అప్పుడు పేరు పెట్టి సేవ్ చేసేది. ఒకప్పుడు టైపు మిషను మీద సర్వే నంబరు ఒక అంకె తప్పు కొట్టి, చదివి వినిపించకుండా ఇచ్చేసిందట. ఆ మనిషి ఏడాది పాటు పక్కవాడి చేనుకు నష్టపరిహారం అడుగుతూ తిరిగాడట. అప్పటి నుంచి ఆ నియమం. నేను ప్రతి రెండు నిమిషాలకూ సేవ్ చేసే మనిషిని. నా మనసుకు అది నిప్పుతో ఆడుకోవడంలా ఉండేది.

చదివి వినిపించే పని మనిషి వచ్చేదాకా ఆగాలి. మనిషి వచ్చే వారం వస్తే వచ్చే వారం దాకా. అందుకని అక్క సాయంత్రం పూట కంప్యూటర్‌ను ఆపేది కాదు, నిద్రపుచ్చేది. అట్లా ఒక పద్ధతి ఉంది. తెరిచినవన్నీ తెరిచినట్టే దాచుకుని కంప్యూటర్ ఆరిపోతుంది. పొద్దున మీట నొక్కితే నిన్న ఎక్కడ వదిలామో అక్కడే లేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా దానికి పట్టదు. పగలు పని చేస్తుండగా కరెంటు పోతే మాత్రం యూపీఎస్ తన బ్యాటరీతో ఏడెనిమిది నిమిషాలు కూస్తూ దాన్ని నడిపేది. ఆ లోపల నిద్రపుచ్చాలి.

ఒక గురువారం పొద్దున అక్క టైపు చేస్తూ చేస్తూ లేచింది. రెండు వారాలుగా కళ్ళు పచ్చగా ఉన్నాయి, పసరు తాగుతోంది. ఆసుపత్రికి పోదాం రమ్మని నేను అంటున్నాను, సోమవారం అయిపోనీ అని ఆమె అంటోంది. ఆ రోజు తనే లేచి చెప్పులు వేసుకుంది. వాకిట్లో నిలబడి వెనక్కి తిరిగి, "ఒకటో మడిలో ఒకటి ఉండాది. మూయద్దు. ఇంగా చదివి ఇనిపించల్యా," అన్నది. నేను రెండో మడికి మార్చి, కంప్యూటర్‌ను నిద్రపుచ్చి ఆమె వెంట పోయాను.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. అక్కడ మేం అర్జీల గురించి మాట్లాడుకోలేదు. పదో రోజు పొద్దున పోయింది.

దినాలు అయ్యాక గది తెరిచాను. కంప్యూటర్ లేచి, నేను చివర వదిలిన చోట, రెండో మడిలో నిలబడింది. నేను అందులోనే పని చేసుకున్నాను. సాయంత్రం నిద్రపుచ్చాను. మరుసటి రోజూ అంతే. ఒకటి అంకె నొక్కవలసిన అవసరం నాకు రాలేదు. వస్తే కూడా వేరే దారి చూసుకున్నాను. నేను తెచ్చిన ప్రోగ్రాం సరిగ్గా ఇందుకోసమే తయారైనట్టుంది: చూడకూడదనుకున్నదాన్ని పక్క తెరలో పెట్టి, శుభ్రమైన తెర ముందు కూర్చోవడానికి. దాన్ని తయారుచేసినవాళ్ళు ఇంత దూరం ఆలోచించి ఉండరు.

బొమ్మలు మాత్రం ఉమ్మడివి కదా. నల్లగొడుగు, చెవిటాయన, చెవిటాయన తమ్ముడు రెండో మడిలో కూడా రోజంతా నన్ను చూస్తుండేవాళ్ళు.

కంప్యూటర్ రోజురోజుకీ నెమ్మదించింది. ఒక అక్షరం కొడితే అది తెర మీదికి రావడానికి దమ్ము తీసుకునేది. రిపేరు చేసే అతన్ని పిలిపించాను. ఆయన మౌసు అటూ ఇటూ కదిపి, "ఎన్నాళ్ళాయక్కా దీన్ని ఆపక?" అన్నాడు.

"నెల దాటింది."

"నిద్రపుచ్చుతాండావు, లేపుతాండావు. అట్ల కాదు. దీన్ని ఒక తూరి పూర్తిగా చంపి లేపల్ల. అప్పుడు..."

అని ఆగిపోయాడు. గోడ మీద అక్క ఫోటో కొత్తది. ఇద్దరం కీబోర్డు వైపు చూశాం.

"అప్పుడు బాగైతాదా?" అన్నాను, ఆయన్ను ఆ మాటలోంచి బయట పడేయడానికి.

"కంప్యూటర్ అయితాదక్కా," అన్నాడు పాపం, తల దించుకుని. దుడ్లు కూడా తీసుకోకుండా పోయాడు.

చంపి లేపలేదు. మూయద్దు అన్నది కదా.

ఆ తర్వాతి సోమవారం, పదీ పావుకు, ఒక పెద్దావిడ వచ్చింది. బెళుగుప్ప వైపు ఊరు. కూలి పని చేసే మనిషి, చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. వాటి నిండా వేలిముద్రలు, మధ్య మధ్య వంకర సంతకాలు.

"అక్క యాడ?" అన్నది.

చెప్పాను. ఆమె మెట్టు మీద కూర్చున్నది. కొంగుతో ముఖం తుడుచుకున్నది. తర్వాత లేచి వచ్చి, "మా కాగితం?" అన్నది.

నెలకు పైగా నన్ను చూడవచ్చిన వాళ్ళందరూ ధైర్యంగా ఉండమని చెప్పారు, రాత అని చెప్పారు, అక్క దేవత అని కూడా ఒకరిద్దరు చెప్పారు. వినడానికి పనికొచ్చే ప్రశ్న అడిగింది ఈమె ఒక్కతే.

విషయం ఇది. వాళ్ళ ఊరికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. వాళ్ళ గేరి, అంటే వీధి, ఊరి చివర. అంత దూరం వచ్చేసరికి ట్యాంకరులో నీళ్ళు ఉండవు. ఈ మాట చెప్పుకోవడానికి ఆమె రెండుసార్లు బస్సెక్కి వచ్చి అక్కకు చెప్పింది. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించింది. ఆ వేలిముద్రల పైన పెట్టవలసిన అర్జీ మాత్రం ఇంకా రాలేదు. కలెక్టరాఫీసులో మధ్యాహ్నం దాకానే తీసుకుంటారు. ఈ రోజు కాకపోతే మళ్ళీ వారం. వేసవి మొదలై చాలా రోజులైంది.

"మళ్ళీ చెప్పు పెద్దమ్మా, నేను కొడతా. అరగంట పని," అన్నాను.

"రెండు తూర్లు చెప్తి. మూడో తూరి చెప్తే నాకు కోపం వస్తాది. కోపమొస్తే తిట్లొస్తాయి. అవి గూడా కొడతావా? మీ యక్క నా తిట్లన్నీ ఏరేసి మాట ఒకటి నిలబెట్టింది. అది తియ్యి."

తీయడమంటే ఒకటి నొక్కడం. నొక్కాను.

ఆరేడు కాగితాలు ఒకదాని మీద ఒకటి తెరిచి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఈమెదే. చివరి మాట తర్వాత గీత కొట్టుకుంటోంది. అక్క లేచి చెప్పులు వేసుకున్నప్పటి నుంచి, నిద్రపుచ్చిన రోజులూ రాత్రులూ మినహా, అది కొట్టుకుంటూనే ఉంది. కంప్యూటర్ల సంగతి అంతే; అందులో ఏమీ లేదు.

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది.

నా చెయ్యి అలవాటు ప్రకారం సేవ్ చేసే మీటల మీదికి పోయింది. తెర మీద చిన్న డబ్బా వచ్చి పేరు అడిగింది.

"అదేంది?" అన్నది పెద్దమ్మ.

"పేరు పెట్టమంటాంది. లోపల దాస్తా."

"సదవకుండానా? మీ యక్క సదవకుండా యేదీ పెట్టదే. ముందు సదువు."

"కరెంటు పోయింది పెద్దమ్మా, ఏడెనిమిది నిమిషాలు కూడా..."

"సదవచ్చులే. పెద్ద పురాణమేం కాదు గదా."

డబ్బా మూసేసి చదివాను. అక్క రాసింది ఇట్లా ఉంది:

"అయ్యా, మా ఊరికి రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకరు వస్తుంది. ఊరి మొదట్లో ఆగుతుంది. మా వీధి ఊరి చివర ఉంది. ట్యాంకరు మా దగ్గరికి కూడా వస్తుంది. అప్పటికి అందులో నీళ్ళు ఉండవు. మా వీధిలో ఇరవై ఏడు ఇళ్ళు. ట్యాంకరు మా నుంచే మొదలుపెట్టమని మేము అడగడం లేదు. మా వరకు మిగిలేటట్టు పోయమని అడుగుతున్నాము. ఇంటికి నాలుగు బిందెలు చాలు."

అంతే. మిగతా టైపు సెంటర్లలో అర్జీలు తమ దివ్య సముఖమునకు అని మొదలై, అసలు సంగతి మూడో పేరాలో గానీ చెప్పవు. నాకు అలంకారాల మీద అపనమ్మకం చదివిన పుస్తకాల వల్ల వచ్చిందని అనుకుంటుండేదాన్ని. ఆ తొమ్మిది వాక్యాలు పైకి చదివినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలోంచి విన్నాను.

"ఇరవై ఏడు కాదు, ఇరవై ఆరు," అన్నది పెద్దమ్మ. "ఒకిల్లు బెంగుళూరు పాయ, పనికి."

ఏడు చెరిపి ఆరు కొట్టాను. అక్క రాసినదాంట్లో నేను చెయ్యి పెట్టడం అదే మొదలు. బతికుండగా పెట్టనిచ్చేది కాదు.

"ఇంగోటి. మొదలుపెట్టమని అడగడం ల్యా అని ఉండాదే, అది తీసెయ్. అడుగుతాండాం అని కొట్టు."

"అట్లా నువ్వే చెప్పినావేమో గదా పెద్దమ్మా."

"నేనే చెప్తి. మీ యక్క అడిగింది, మీతోనే మొదలుపెట్టమందామా అని. వద్దులేమ్మా, మర్యాదుండదు అంటి. ఇప్పటికి నెల దాటె. మర్యాద తాగితే దప్పిక తీరల్యా."

ఆ వాక్యం మార్చాను. ట్యాంకరు మా వీధి నుంచి మొదలుపెట్టమని అడుగుతున్నాము. పూర్తిగా మళ్ళీ చదివాను. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తోంది. ఆమె విని, "ఇదే. ఇది మా మాట," అన్నది.

ఇప్పుడు పేరు. డబ్బా మళ్ళీ వచ్చింది. ఇక్కడ నా చదువు పని చేసింది. ట్యాంకరు అని పెడదామంటే తెర మీద అప్పటికే నాలుగు ట్యాంకర్లు ఉన్నాయి. అక్క అయితే ఈమెను ఏమని గుర్తుపెట్టుకుని ఉంటుందా అని ఆలోచించాను. గుడ్డ సంచా? తిట్లా? ఏదో ఒక అక్షరం కొట్టి ఉంటే సరిపోయేది. నేను సరైన మాట కోసం వెతికాను.

యూపీఎస్ ఒక్కసారి పొడుగ్గా కూసి ఆగిపోయింది. తెర నల్లబడింది.

నేను అట్లాగే కూర్చున్నాను. ఒకటో మడి, అందులోని ఆరేడు కాగితాలు, అక్క ఎక్కడ వదిలి లేచిందో ఆ చోటు, అన్నీ పోయాయి. మూయద్దు అన్నది. నెలకు పైగా మూయలేదు. చివరికి పేరు వెతుకుతూ పోగొట్టాను.

"ఆరిపాయ," అన్నది పెద్దమ్మ. "అయితే కాగితం మీద రాయి."

"పోయింది పెద్దమ్మా. నేను దాయలేదు."

"ఇప్పుడే గదా రెండు తూర్లు సదివితివి? నాకు గుర్తుండాది. నీకు లేదా?"

నాకూ గుర్తుంది. తెల్ల కాగితం తీసి చేత్తో రాశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. ఆమె తడుముకున్న చోట నేను అందుకున్నాను. రాసింది నేనే గానీ వాక్యాలు అక్కవి, రెండు తప్ప. పదకొండున్నరకు అయిపోయింది. చివర మళ్ళీ చదివి వినిపించాను, ఎందుకంటే ఆమె పోలేదు, నిలబడింది. విన్నాక వేలిముద్రల కాగితాల పైన దాన్ని పెట్టి గుండుసూది గుచ్చుకుని వెళ్ళింది.

కరెంటు ఒంటిగంటకు వచ్చింది. కంప్యూటర్ ఈసారి నిద్ర లేవలేదు, మొదటి నుంచి మొదలైంది. బొమ్మలు తప్ప నాలుగు మళ్ళూ ఖాళీ. చాలా వేగంగా పని చేసింది. 

ఆరు వారాల తర్వాత ఆ ఊరి నుంచే ముగ్గురు మనుషులు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు. ఊరి మొదట్లో ఇళ్ళున్నవాళ్ళు. ట్యాంకరు ఇప్పుడు చివరి గేరి నుంచి మొదలవుతోందట, వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఉండటం లేదట. ఒక అర్జీ రాయాలి.

"ఆ యమ్మి ఎవరితో రాయించిందో గానీ, గట్టిగా రాసినారు మేడం. మాకూ అట్ల రాయండి," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

అట్లాగే రాశాను. చదివి వినిపించాను. వాళ్ళు వాచీలు చూసుకున్నారు గానీ విన్నారు. తర్వాత ట్యాంకరు ఒక రోజు ఆ వైపు నుంచి, ఒక రోజు ఈ వైపు నుంచి రావడం మొదలుపెట్టిందని పెద్దమ్మ ఒక సోమవారం వచ్చి చెప్పింది. వంతులు పడ్డాయన్నమాట. ఆమెకు దాంతో పెద్ద సంతోషం లేదు. "సగమన్నా దొరుకుతాండాది," అన్నది.

ఆ ఎండాకాలం చివర్లో నేను తెర సర్దాను. తొందరపడలేదు. రోజుకు ఐదారు బొమ్మలు, ఒక్కొక్కటీ తెరిచి, మొదటి నుంచి చివరి దాకా చదివి, లోపల పెట్టాను. అన్నీ అయ్యాక నాలుగు తెరల ప్రోగ్రాం తీసేశాను. ఒక మనిషికి ఒక తెర చాలు. జలపాతం బయటికి వచ్చింది.

మూడుబోర్ల మామ ఏదో పని మీద వచ్చి తెర చూసి ఆగాడు.

"మా కాగితాలన్నీ పాయెనా?"

"లోపలుండాయి మామా. ఒక్కటీ పోలేదు. కావాలంటే నీది పైన పెడతా."

ఆయన జలపాతం వైపు కొంచెంసేపు చూశాడు. "వద్దులే. నీల్లు కనపడతాండాయి. ఈ గదిలో అన్నా పడె," అని, నేను ఇచ్చిన మంచినీళ్ళు తాగి పోయాడు.

కొన్నేళ్ళకు అర్జీలకు అచ్చు ఫారాలు వచ్చాయి. పేరు ఒక గడి, ఊరు ఒక గడి, సమస్యకు రెండు గీతలు. నింపడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పని అయిపోగానే ఫారం ఇచ్చేస్తాను, సాయంత్రం కంప్యూటర్ ఆపేస్తాను. ఎవరికీ చదివి వినిపించడం లేదు.